ముంచాలా, చిలకరించాలా? బాప్తిస్మం గొడవల్లో అసలు ప్రశ్న

టూకీగా

బాప్తిస్మం ఏ వయసులో ఇవ్వాలి, ఎన్ని నీళ్లు కావాలి, ఎవరు ఇవ్వాలి, ఒకసారి అయినవాళ్లు మళ్లీ తీసుకోవచ్చా అని సంఘాల మధ్య నాలుగు గొడవలు నడుస్తుంటాయి. పైకి వేరువేరుగా కనపడతాయి గానీ అన్నిటికీ వేరు ఒక్కటే: బాప్తిస్మంలో పని జరిగేది దేవుడి వైపు నుంచా, తీసుకునే మనిషి వైపు నుంచా? దేవుడి వైపు నుంచి అన్న సంఘాలు పసిపిల్లలకి ఇస్తాయి, రెండోసారి అనేదాన్ని ఒప్పుకోవు. మనిషి నమ్మడం ముందు, నీళ్లు తర్వాత అన్న సంఘాలు చిన్నప్పటిదాన్ని లెక్కలోకే తీసుకోవు. గుంటూరు, విజయవాడల్లో ఈ రెండు రకాలూ ఒకే వీధిలో ఉంటాయి కాబట్టి గందరగోళం ఎక్కువ. దానికి తోడు కులం సర్టిఫికెట్ల కేసుల్లో ఈమధ్య బాప్తిస్మం మాట కోర్టుల దాకా వెళ్లడంతో చర్చి లోపలి సంగతి కాస్తా బయటి సంగతి కూడా అయింది.

ఒకే ఇంట్లో రెండు రకాలు

గుంటూరులో లూథరన్ మిషన్ పాతది, హయ్యర్ దొర 1842 జులై 31న ఊళ్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి లెక్క, ఆ సంఘమే 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి అయింది. కృష్ణా వైపు ఆంగ్లికన్లు 1841లో బందరులో మొదలుపెట్టారు, వాళ్ల వారసత్వం ఇప్పుడు విజయవాడ కేంద్రంగా ఉన్న సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కృష్ణా గోదావరి డయాసిస్‌ది. గుణదల, ఫిరంగిపురం అనగానే కేథలిక్కులు గుర్తొస్తారు. ఒంగోలు వైపు నుంచి బాప్టిస్టులు, భక్త్‌సింగ్ గారి సహవాసాలు, పెంతెకొస్తు సంఘాలు, ఇంకా ఏ మిషన్‌కీ చెందని ఇండిపెండెంట్ చర్చిలు, ఇవన్నీ తర్వాత తర్వాత వచ్చి కలిశాయి.

మొదటి మూడింట్లో, అంటే లూథరన్, సీఎస్ఐ, కేథలిక్ ఇళ్లల్లో పుట్టిన పిల్లకి నెలల వయసులోనే బాప్తిస్మం అయిపోతుంది, పేరు పెట్టడం కూడా చాలా ఇళ్లల్లో ఆ రోజే. అదే పిల్ల పెద్దదై పెంతెకొస్తు ఇంటికి కోడలిగా వెళ్తే అక్కడి పాస్టరు గారు "అమ్మా, నీకు అయింది చిలకరింపు, అది బాప్తిస్మం కాదు, ముంచుడు బాప్తిస్మం తీసుకుంటేనే ప్రభువు బల్లలో పాలు" అంటారు, అంటే రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడంలో భాగం. పుట్టింటి సంఘం పాస్టరు అయ్యగారేమో "ఒకసారి అయిందాన్ని మళ్లీ చేస్తే మొదటిదాన్ని అవమానించినట్టే" అంటారు. ఇద్దరి చేతిలోనూ అదే బైబిలు, అదే తెలుగు అనువాదం. ఇద్దరిలో ఒకరికి బైబిలు సరిగ్గా తెలీదు అనుకోవడం తేలిక, కానీ సంగతి అది కాదు.

వాక్యంలో ఏముంది, ఏం లేదు

బాప్తిస్మమిచ్చు యోహాను యొర్దాను నదిలో ఇచ్చింది మారుమనస్సు బాప్తిస్మం. యూదులకి శుద్ధి స్నానాలు అప్పటికే అలవాటు, ఐతే అవి ఎవరికి వాళ్లు, మళ్లీ మళ్లీ చేసుకునేవి. యోహాను దగ్గర కొత్తగా కనపడేది ఏంటంటే ఇంకొకరి చేతి మీదుగా తీసుకోవడం, బతుకు తిప్పుకోవడానికి గుర్తుగా తీసుకోవడం. కృష్ణా పుష్కరాల స్నానంతో దీన్ని పోలుస్తుంటారు, నది ఒకటే అయినా పద్ధతి వేరు, పుష్కరం పన్నెండేళ్లకి మళ్లీ వస్తుంది, మునిగేది ఎవరికి వాళ్లే. బాప్తిస్మం ఒక్కసారే, ఎవరికి వాళ్లు ఇచ్చుకోవడం కుదరదు. (1609లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జాన్ స్మిత్ అనే ఇంగ్లిషు పాస్టరు తనకి తానే ఇచ్చుకున్నాడు, తర్వాత అది తప్పేమో అని ఆయనకే అనుమానం వచ్చింది.)

యేసు కూడా యోహాను చేత తీసుకున్నాడు, తర్వాత మత్తయి 28:19లో శిష్యులకి ఆజ్ఞ ఇచ్చాడు. పెంతెకొస్తు దినాన పేతురు ప్రసంగం విని సుమారు మూడువేలమంది తీసుకున్నారని అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయం. ఇక అర్థం విషయానికొస్తే పౌలు రోమా 6లో చెప్పింది అందరూ ఒప్పుకునే మాట: నీళ్లలోకి వెళ్లడం క్రీస్తుతో కూడా పాతిపెట్టబడటం, పైకి రావడం ఆయనతో కూడా కొత్త జీవానికి లేవడం.

గొడవ అంతా వాక్యం చెప్పనిచోట. పసిపిల్లకి బాప్తిస్మం ఇచ్చినట్టు కొత్త నిబంధనలో ఒక్క చోట కూడా నేరుగా లేదు, ఇవ్వకూడదని కూడా లేదు. అపొస్తలుల కార్యములు 16లో లూదియ, ఆమె ఇంటివాళ్లు తీసుకున్నారు, ఫిలిప్పీ చెరసాల నాయకుడు రాత్రికి రాత్రి ఇంటిల్లిపాదితో తీసుకున్నాడు. ఇంటిల్లిపాది అన్నప్పుడు చంటిపిల్లలు ఉండరా అని ఒక వైపు, అదే అధ్యాయంలో ఇంటివాళ్లందరికీ వాక్యం బోధించారని కూడా ఉంది కదా, చంటిపిల్లకి ఏం బోధిస్తారు అని ఇంకో వైపు. పాత నిబంధనలో ఎనిమిదో రోజు మగపిల్లాడికి సున్నతి చేసేవాళ్లు, వాడి ఒప్పుకోలు ఎవరూ అడగలేదు, కొలస్సయులు 2లో పౌలు సున్నతినీ బాప్తిస్మాన్నీ పక్కపక్కన పెట్టాడు కాబట్టి ఇదీ అంతే అని పిల్లల బాప్తిస్మం వాళ్ల వాదన. పౌలు అక్కడే "విశ్వాసం ద్వారా" అన్నాడు చూడండి అని అవతలివాళ్లు.

అపొస్తలుల కార్యములు 8లో ఉన్న ఐతియొపీయుడి కథలో ఒక చిన్న సంగతి ఉంది. నీళ్లు కనపడగానే నాకు బాప్తిస్మం ఇవ్వడానికి ఆటంకం ఏంటి అని అతను ఫిలిప్పుని అడుగుతాడు. "పూర్ణహృదయంతో విశ్వసిస్తే తీసుకోవచ్చు" అనే జవాబు ఉన్న 37వ వచనం బాగా పాత చేతిరాత ప్రతుల్లో లేదు. అంటే తర్వాత చేర్చింది అయ్యుండొచ్చు. ఐతే అలా చేర్చారు అంటే, చేర్చినవాళ్ల కాలంలో నీళ్లలోకి దిగేముందు నోటితో ఒప్పుకోవడం అనే ఆచారం ఉందన్నమాట. ఒకే వచనం రెండు వైపులకీ సాక్ష్యం చెప్తుంది.

ఎవరు చేసే పని?

కేథలిక్కులు బాప్తిస్మాన్ని జ్ఞానస్నానం అంటారు, వాళ్లకి అది ఏడు సంస్కారాల్లో మొదటిది. అందులో కృప ఇచ్చేది దేవుడు, జన్మపాపం (పుట్టుకతోనే వచ్చే పాపం) పోయేది, దేవుడి బిడ్డ అయ్యేది ఆ నీళ్లలో, ఆ మాటలతో. పుచ్చుకునేవాళ్లు నెలల పిల్లైనా అడ్డు లేదు, ఎందుకంటే ఇక్కడ పిల్ల చేసేది ఏమీ లేదు, పుచ్చుకోవడమే. పిల్ల తరఫున సైతానుని త్యజిస్తున్నాం, విశ్వసిస్తున్నాం అని చెప్పేది తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు. నెత్తిన మూడుసార్లు నీళ్లు పోస్తారు, క్రిస్మ తైలం పూస్తారు, తెల్లబట్ట వేస్తారు, పాస్కా కొవ్వొత్తి నుంచి చిన్న కొవ్వొత్తి వెలిగించి ఇస్తారు. ఈ లెక్క ఎంత దూరం వెళ్తుందంటే, ఆసుపత్రిలో పిల్ల ప్రాణం మీదకి వస్తే ఫాదర్ గారు వచ్చేదాకా ఆగక్కర్లేదు, పక్కనున్న నర్సు ఇవ్వొచ్చు, ఆమె క్రైస్తవురాలు కాకపోయినా సరే, సంఘం ఉద్దేశించేదే చేస్తున్నా అనుకుని నీళ్లు పోసి త్రియేక నామం (తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామం) పలికితే చెల్లుతుంది. ఇచ్చేవాడి యోగ్యత మీద ఆధారపడదు. కానీ మాట తప్పితే చెల్లదు: 2020లో వాటికన్ "నేను నీకు బాప్తిస్మం ఇస్తున్నాను" బదులు "మేము ఇస్తున్నాము" అని పలికినవి చెల్లవని చెప్పింది. ఇచ్చేది క్రీస్తు, గుంపు కాదు అని కారణం. బయటివాళ్లకి మరీ చాదస్తంగా అనిపించొచ్చు గానీ వాళ్ల లెక్క ప్రకారం చూస్తే పొంతన ఉంది.

లూథర్ పోప్‌తో తెగతెంపులు చేసుకున్నా ఈ ఒక్క విషయంలో పాత దారి వదల్లేదు. నీళ్లు ఒట్టి నీళ్లు కావు, దేవుడి వాక్యంతో కలిసిన నీళ్లు అన్నాడు. లూథరన్ల విశ్వాస పత్రమైన 1530 ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు తొమ్మిదో ఆర్టికల్ పిల్లలకి బాప్తిస్మం ఇవ్వాలనే చెప్తుంది. విశ్వాసం అక్కర్లేదని కాదు, ఆ విశ్వాసం కూడా దేవుడు ఇచ్చేదే కాబట్టి పిల్లకి ఇవ్వలేడా అని. గుంటూరు లూథరన్ సంఘాల్లో ఆ పిల్ల పెద్దయ్యాక చిన్న కాటికిజం (ప్రశ్నలు, జవాబులుగా ఉండే విశ్వాస పాఠం) నేర్చుకుని కన్ఫర్మేషన్ తీసుకుంటుంది, బల్లలో చేరేది అప్పుడు. సీఎస్ఐలోనూ ఇంచుమించు ఇదే వరస. చిన్నప్పుడు తన తరఫున అమ్మానాన్నలు చెప్పిన మాటని ఇప్పుడు తన నోటితో చెప్పడం అన్నమాట.

బాప్టిస్టులు, బ్రదరన్, పెంతెకొస్తుల దగ్గర వరస తిరగబడుతుంది. ముందు వాక్యం వినాలి, మారుమనస్సు పొందాలి, రక్షణ అనుభవం ఉండాలి, ఆ తర్వాత నీళ్లు. బాప్తిస్మం రక్షణ ఇవ్వదు, వచ్చిన రక్షణకి బహిరంగ సాక్ష్యం. "యేసుని సొంత రక్షకుడిగా అంగీకరించావా?" అని అడిగితే అవును అని చెప్పగలిగే వయసు ఉండాలి, చాలా సంఘాల్లో నీళ్లలోకి దిగేముందు నాలుగు మాటలు సాక్ష్యం కూడా చెప్పిస్తారు. అందుకే వాళ్ల పిల్లలకి పుట్టగానే జరిగేది ప్రతిష్ఠ ప్రార్థన, పాస్టరు గారు చేతుల్లోకి తీసుకుని ప్రార్థిస్తారు, నీళ్లు ఉండవు. గమనిస్తే రెండు వైపులా కావాల్సినవి రెండే: దేవుడి వైపు నుంచి ఒక క్రియ, మనిషి వైపు నుంచి ఒక ఒప్పుకోలు. ఒకళ్లు నీళ్లు ముందు పెట్టి ఒప్పుకోలుని కన్ఫర్మేషన్ దాకా ఆపారు, ఇంకొకళ్లు ప్రార్థన ముందు పెట్టి నీళ్లని ఆపారు.

ఐతే అందరూ ఈ రెండు గళ్లల్లోనే పడరు. కొన్ని సంఘాలు పెద్దవాళ్లకే ఇస్తాయి గానీ బాప్తిస్మం లేకుండా పాపక్షమాపణ లేదంటాయి, "పాపక్షమాపణ నిమిత్తము" అని పేతురు అన్నాడు కదా అని. అప్పుడు యేసు పక్కన సిలువ మీద ఉన్న దొంగ సంగతేంటి అని అడుగుతారు, అతను నీళ్లు చూడకుండానే పరదైసుకి వెళ్లాడు. ఈ ప్రశ్నా దానికి జవాబూ గుంటూరు కన్వెన్షన్ పందిళ్ల కింద వినని విశ్వాసి ఉండడు.

పద్దెనిమిది వందల ఏళ్ల తగువు

ఇది ఇక్కడ పుట్టిన తగువు కాదు. సుమారు క్రీ.శ. 200లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో తెర్తుల్లియన్ అనే క్రైస్తవ రచయిత పిల్లలకి తొందరపడొద్దు, ఎదగనివ్వండి అని రాశాడు. వద్దని రాశాడంటే అప్పటికే ఎవరో ఇస్తున్నారన్నమాట. యాభై ఏళ్లు తిరిగేసరికి అదే ఊళ్లో బిషప్ సిప్రియన్ ఎనిమిదో రోజు దాకా కూడా ఆగక్కర్లేదన్నాడు. నాలుగో శతాబ్దంలో ఇంకో చిత్రం, బాప్తిస్మం తర్వాత చేసే పాపాలకి క్షమాపణ కష్టం అనే భయంతో చాలామంది చివరిదాకా వాయిదా వేసేవాళ్లు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి 337లో చనిపోయేముందే తీసుకున్నాడు. అగస్టీన్ జన్మపాపం సిద్ధాంతం గట్టిపడ్డాక పాశ్చాత్య సంఘంలో పసిపిల్లల బాప్తిస్మం మామూలైపోయింది.

ఇచ్చేవాడు చెడ్డవాడైతే బాప్తిస్మం చెల్లుతుందా అనేది ఆఫ్రికాలోనే ఇంకో తగువు. హింసల కాలంలో భయపడి లేఖనాలు అప్పజెప్పిన బిషప్పుల చేతి సంస్కారాలు చెల్లవని డొనాటిస్టులు అనే వర్గంవాళ్లు మళ్లీ ఇచ్చేవాళ్లు. త్రియేక నామంలో అయి ఉంటే మళ్లీ ఇవ్వొద్దని 314లో ఆర్ల్ సభ తేల్చింది, దానికి వేదాంతం కట్టింది అగస్టీన్. ఇవాళ విజయవాడలో ఎవరైనా పాస్టరు తప్పు చేసి పట్టుబడితే "ఆయన చేతి మీద తీసుకున్న మా బాప్తిస్మం సంగతేంటి" అని విశ్వాసులు కంగారుపడతారు కదా, పదహారు వందల ఏళ్ల కిందట కార్తేజ్‌లో అడిగిందీ ఇదే.

ముందు నమ్మకం, తర్వాత నీళ్లు అనే రెండో వరస మొదలైంది 1525 జనవరి 21న జ్యూరిక్‌లో. చిన్నప్పుడే అయిన పెద్దవాళ్లు కొందరు ఒక ఇంట్లో చేరి విశ్వాసంతో మళ్లీ తీసుకున్నారు. ఊరి పెద్దలు దాన్ని రాజద్రోహంలా చూశారు. పుట్టిన ప్రతి బిడ్డనీ చర్చి రిజిస్టర్లోకి ఎక్కిస్తేనే ఊరూ సంఘమూ ఒకటిగా ఉంటాయి, ఎవరి ఇష్టం వాళ్లది అంటే ఆ లెక్క కూలిపోతుంది. వాళ్లలో ఫెలిక్స్ మాంట్స్‌ని 1527 జనవరిలో లిమ్మత్ నదిలో ముంచి చంపేశారు, నీళ్లు కావాలన్నవాడికి నీళ్లే శిక్ష.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. జ్యూరిక్‌లో ఆ రాత్రి వాళ్లు మునగలేదు, నెత్తిన పోసుకున్నారు. ఇంగ్లిషు బాప్టిస్టులు ముంచడం పట్టుకుంది 1640ల దగ్గర్లో. ఇంకోవైపు తూర్పు ఆర్థొడాక్స్ సంఘాలు మొదటినుంచీ ముంచే ఇస్తాయి, మూడుసార్లు, అదీ పసిపిల్లల్ని. అంటే ముంచడం అంటే పెద్దవాళ్లకి, చిలకరించడం అంటే పిల్లలకి అని మన దగ్గర పడిపోయిన జంట పుట్టుకతో వచ్చిన జంట కాదు. నీళ్ల లెక్క వేరు, వయసు లెక్క వేరు, మన ఊళ్లల్లో రెండూ కలిసిపోయి ఒకే గొడవలా వినపడుతున్నాయి.

కాలువ, తొట్టి, గిన్నె

నీళ్ల విషయంలో తొలి సంఘం మరీ పట్టుబట్టినట్టు కనపడదు. మొదటి శతాబ్దం చివరో రెండో శతాబ్దం మొదట్లోనో రాసిన దిదఖే అనే చిన్న పుస్తకం పారే నీళ్లల్లో ఇవ్వమంటుంది, లేకపోతే వేరే నీళ్లు, చల్లటివి కాకపోతే వెచ్చటివి, అవీ సరిపడా లేకపోతే నెత్తిన మూడుసార్లు పొయ్యండి అంటుంది. ఇచ్చేవాళ్లూ తీసుకునేవాళ్లూ ముందు ఉపవాసం ఉండమని కూడా ఉంది. ముంచుడు వాళ్లు మొదటి సగం చదువుతారు, చిలకరింపు వాళ్లు చివరి సగం. ముంచుడు వాళ్ల బలం మాత్రం రోమా 6లోనే ఉంది, పాతిపెట్టడం అనే బొమ్మ నాలుగు చుక్కలతో కళ్లకి కట్టదు, అది ఒప్పుకోవాల్సిందే.

డెల్టాలో ముంచడానికి నీళ్లకి కొదవ లేదు. కృష్ణా రేవులు, బందరు కాలువ, ఏలూరు కాలువ, గుంటూరు జిల్లా వైపు కొమ్మమూరు కాలువ, ఎక్కడ లోతు తక్కువో మెట్లు బాగుంటాయో స్థానిక పాస్టర్లకి కంఠతా ఉంటుంది. ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు, మిగతా రోజుల్లో మురుగు, పైగా నడిరోడ్డు పక్కన బట్టలు తడిసి ఆడవాళ్లు ఇబ్బందిపడటం, వీడియోలు తీసి పెట్టేవాళ్లు. అందుకే టౌన్లలో సంఘాలు మందిరంలోనే వేదిక కింద తొట్టి కట్టించుకుంటున్నాయి, ఆదివారం పైన చెక్కలు, బాప్తిస్మాల రోజు చెక్కలు తీసి నీళ్లు నింపుతారు. సౌకర్యం బాగానే ఉంది గానీ బహిరంగ సాక్ష్యం అని చెప్పే దాంట్లో ఆ బహిరంగం కాస్త తగ్గింది, ఊరంతా చూసే గట్టు మీద కాకుండా తెలిసినవాళ్ల మధ్యే జరుగుతోంది.

గుండ్లకమ్మలో 2,222 మంది

తెలుగు నేల మీద బాప్తిస్మం చరిత్రలో పెద్ద రోజు 1878 జులై 3. ఒంగోలు దగ్గర వెల్లంపల్లి రేవులో, గుండ్లకమ్మలో, ఒక్క రోజులో 2,222 మందికి ఇచ్చారు. ఆరుగురు బోధకులు వంతులవారీగా, నీళ్లలో ఒకసారికి ఇద్దరు మాత్రమే. ఆ ఏడాది చివరికి లెక్క తొమ్మిదివేలు దాటింది. పెంతెకొస్తు దినాన ఒక్క రోజులో మూడువేలమందిని ముంచడం ఎలా కుదురుతుంది అని చిలకరింపు వాళ్లు వేసే ప్రశ్నకి బాప్టిస్టులు ఇప్పటికీ గుండ్లకమ్మ లెక్కే చూపిస్తారు.

లెక్క కంటే దాని వెనకాల జరిగింది ముఖ్యం. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం కాంట్రాక్టుకి తీసుకుని కూలి దొరకని జనానికి పని ఇచ్చాడు. పనిలో ఉండగా బోధ విన్న చాలామంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు, కూటి కోసం చేరారనే మాట రాకూడదని కరువు పని నడిచినంతకాలం ఆపాడు. పనీ సాయమూ అయిపోయాక, ఇక చేతికి ఏమీ రాదని తెలిసి కూడా వచ్చారు కాబట్టి అప్పుడు ఒప్పుకున్నాడు. ఎక్కువమంది మాదిగలు, పల్లెలకి పల్లెలే, కుటుంబాలకి కుటుంబాలే వచ్చారు.

ఒక్కొక్కళ్లూ సొంతంగా నిర్ణయించుకోవాలి అని చెప్పే బాప్టిస్టుల దగ్గర గుంపులు గుంపులుగా రావడం ఎలా పొసిగింది అనేది ఆలోచించాల్సిన ప్రశ్న. ఒక్కడే వెళ్తే పల్లెలో వెలి, అందరూ కలిసి కదిలితేనే బతుకు. మనిషి నిర్ణయం అంటే ఒంటరి నిర్ణయమే అని అమెరికాలో అనుకోవచ్చు గానీ ఇక్కడ పల్లె పెద్దలు కూర్చుని మాట్లాడుకుని తేల్చుకున్నదీ నిర్ణయమే. ఆ మాటకొస్తే ఫిలిప్పీ చెరసాల నాయకుడి ఇల్లు కూడా కదిలింది అలాగే.

రెండోసారి అంటే ఏంటి

ఇక మళ్లీ తీసుకోవడం సంగతి. కేథలిక్, లూథరన్, సీఎస్ఐ ఒకరి బాప్తిస్మం ఒకరు గుర్తిస్తారు, నీళ్లు, త్రియేక నామం ఉంటే చాలు. లూథరన్ కుర్రాడు కేథలిక్ అమ్మాయిని చేసుకుని అటు వెళ్లినా మళ్లీ జ్ఞానస్నానం ఉండదు. అసలు అయిందో లేదో తేలకపోతే మాత్రం "ఒకవేళ నీకు కాకపోయి ఉంటే" అని షరతు పెట్టి ఇస్తారు. నీకయా విశ్వాస ప్రమాణంలో "ఒకే బాప్తిస్మం" అని ప్రతి ఆదివారం చదివేవాళ్లకి రెండోది అనేది మాటలకే అందదు.

ముంచుడు సంఘాలవాళ్లు కూడా తాము రెండోసారి ఇస్తున్నామని అనరు. చిన్నప్పుడు అయింది బాప్తిస్మమే కాదు కాబట్టి ఇదే మొదటిది అంటారు. అంటే ఒకే బాప్తిస్మం అనే దాంట్లో ఇద్దరికీ తేడా లేదు, ఏది ఆ ఒకటి అనేదే తేడా. ఇంకాస్త ముందుకెళ్లి యేసు నామంలో మాత్రమే ఇవ్వాలి, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో అయితే చెల్లదు అనే సంఘాలు ఉన్నాయి, 1913 తర్వాత అమెరికా పెంతెకొస్తుల్లో చీలి వచ్చిన బోధ అది. వాళ్లు మిగతా పెంతెకొస్తుల్ని కూడా మళ్లీ ముంచుతారు. అలా ఒక్కో మనిషికి మూడేసి బాప్తిస్మాలైన సందర్భాలు కూడా కనపడతాయి.

దీనికి పరిష్కారం వెతికినవాళ్లు లేకపోలేదు. 1982లో లిమాలో ప్రపంచ సంఘాల కౌన్సిల్ కింద వచ్చిన పత్రం రెండు పద్ధతుల్నీ ఒకే ప్రయాణంలో రెండు దారులుగా చూడమంది. 1970లో ఉత్తర భారతంలో ఏర్పడిన సీఎన్ఐలో (చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియా) బాప్టిస్టులు కూడా చేరారు కాబట్టి పిల్లల బాప్తిస్మం, పెద్దల బాప్తిస్మం రెండూ పక్కపక్కన ఉన్నాయి, ఎవరు ఏది ఎంచుకున్నా సభ్యుడే. 1947లో ఏర్పడిన సీఎస్ఐలో బాప్టిస్టులు లేరు, తెలుగు బాప్టిస్టులు 1962లో తమ సమావేశం తాము పెట్టుకున్నారు. ఇండిపెండెంట్ సంఘాల్లో ఐతే ఇంకో లెక్క ఉంది, అక్కడ సభ్యత్వానికి బాప్తిస్మమే గుమ్మం, పక్క సంఘం బాప్తిస్మాన్ని ఒప్పుకుంటే ఆ గుమ్మానికి విలువ తగ్గుతుంది. వేదాంతం నిజమే, దాని పక్కన ఇది కూడా ఉంది.

అసలు తీసుకోనివాళ్లు

నీళ్లే వద్దన్నవాళ్లు కూడా ఈ చుట్టుపక్కలే ఉన్నారు. బాపట్ల, నిడుబ్రోలు వైపు పాతుకుపోయిన సాల్వేషన్ ఆర్మీలో బాప్తిస్మం లేదు, ప్రభువు బల్ల లేదు. 1883లో విలియం బూత్ రెంటినీ ఆపేశాడు, లోపల మార్పు ఉంటే బయట గుర్తు అక్కర్లేదని. సభ్యులవ్వాలంటే జెండా కింద ఒప్పందం మీద సంతకం. స్టువర్టుపురం సెటిల్‌మెంట్ నడిపింది వీళ్లే.

ఇంకో రకం కృష్ణా జిల్లా మునిపల్లెలో. కలగర సుబ్బారావు గారు 1942లో తనకి క్రీస్తు దర్శనం అయిందన్నారు, స్వస్థత కోసం జనం వందలుగా వచ్చేవాళ్లు. ఆయన బాప్తిస్మం తీసుకోలేదు, తీసుకోమని చెప్పనూలేదు. బాప్తిస్మం మతం మారడానికి గుర్తే తప్ప క్రీస్తుని వెంబడించడానికి అక్కర్లేదన్నది ఆయన మాట. సంఘాలు ఆయన్ని గట్టిగానే తప్పుబట్టాయి. ఐతే ఆయన వేలు పెట్టి చూపించిన చోటు నిజమైనదే, మన దేశంలో బాప్తిస్మం అంటే నమ్మడం ఒక్కటే కాదు, ఒక సమాజం నుంచి ఇంకో సమాజంలోకి వెళ్లడం.

రిజిస్టరు బయటికొచ్చినప్పుడు

ప్రతి బాప్తిస్మం ఒక రిజిస్టర్లో పేరు. కేథలిక్కుల దగ్గర ఇది చాలా పకడ్బందీ, ఎక్కడ జ్ఞానస్నానం అయిందో ఆ విచారణలోనే (ఆ ఊరి చర్చి పరిధిలోనే) రికార్డు జీవితాంతం ఉంటుంది, పెళ్లి ఎక్కడ జరిగినా ఆ సంగతి తిరిగొచ్చి అదే పేజీలో ఎక్కుతుంది. ఫిరంగిపురంలో పుట్టినవాడు విజయవాడలో పెళ్లి చేసుకోవాలంటే ఫిరంగిపురం నుంచి కొత్తగా తీసిన కాపీ తేవాల్సిందే. ఇండిపెండెంట్ సంఘాల్లో కొన్నిచోట్ల నోటుబుక్కు కూడా ఉండదు.

ఈ కాగితానికి రాజ్యాంగం వైపు నుంచి కూడా ఒక అంచు తగులుతుంది. 1950 షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూమతం, 1956 నుంచి సిక్కు, 1990 నుంచి బౌద్ధం, ఈ మూడూ కాక వేరే మతాన్ని అవలంబించేవాళ్లు ఎస్సీలు కారు. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లని, వాళ్ల సంతానాన్ని ఆంధ్రప్రదేశ్ బీసీ-సీ గ్రూపులో పెట్టింది, రిజర్వేషన్ 1 శాతం. ఎస్సీలకి ఉన్న 15 శాతానికీ ఈ 1 శాతానికీ మధ్య తేడా ఏ ఇంటికైనా తెలుస్తుంది. అందుకే చర్చికి ఏళ్ల తరబడి వస్తూ కూడా బాప్తిస్మం వాయిదా వేసేవాళ్లు, తీసుకున్నా పేరు రాయించుకోనివాళ్లు కనపడతారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో క్రైస్తవులు 1.34 శాతమే, ఆదివారం పొద్దున గుంటూరు వీధులు చూసినవాళ్లకి ఆ అంకె చిన్నదిగానే అనిపిస్తుంది. కాన్‌స్టంటైన్ కాలంలో వాయిదా వేయించింది నరకం భయం, ఇక్కడ వాయిదా వేయిస్తున్నది సీటు, ఉద్యోగం.

కోర్టులు చూసే లెక్క ఐతే బాప్తిస్మం అయిందా లేదా అని కాదు, ఏ మతాన్ని బాహాటంగా అవలంబిస్తున్నారు అని. గుంటూరు మెడికల్ కాలేజీ సీటు గురించి 1976లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసులో, క్రైస్తవ తల్లిదండ్రులకి పుట్టినవాడైనా హిందూమతంలోకి వచ్చి, ఆ కులంవాళ్లు తమవాడిగా ఒప్పుకుంటే ఆ కుల సభ్యుడే అని తేల్చింది. 2024 నవంబరు 26న పుదుచ్చేరి మహిళ కేసులో అదే కోర్టు ఎస్సీ సర్టిఫికెట్ ఇవ్వడానికి ఒప్పుకోలేదు, ఆమెకి పసితనంలో అయిన బాప్తిస్మం, చర్చికి వెళ్తూ ఉండటం ఆధారాల్లో ఉన్నాయి, తిరిగి హిందూమతంలోకి వచ్చినట్టు గట్టి రుజువు లేదంది. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇంకో కేసులో, పదేళ్లుగా పాస్టరుగా ఉన్న వ్యక్తి చేతిలో ఎస్సీ సర్టిఫికెట్ ఉన్నా ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద రక్షణ వర్తించదని చెప్పింది. అక్కడ రిజిస్టరు అవసరమే పడలేదు, పాస్టరు పనే సరిపోయింది.

పుదుచ్చేరి తీర్పు దగ్గర రెండు లెక్కలు ఎదురుపడతాయి. ముంచుడు సంఘాల దృష్టిలో ఆ పసిబిడ్డకి జరిగింది అసలు బాప్తిస్మమే కాదు, ఆమె ఏమీ నిర్ణయించుకోలేదు. కేథలిక్కుల దృష్టిలో జరిగింది పూర్తిగా జరిగింది, చెరిపేస్తే చెరగదు, ఆమె తర్వాత ఏ గుడికి వెళ్లినా సరే. కోర్టు ఈ రెంటిలో ఏదీ తీసుకోలేదు, దానికి ఆ పేజీ ఒక సాక్ష్యం మాత్రమే, తర్వాతి నడవడికతో కలిపి చూడాల్సిన కాగితం. మతం మారిన దళితులకి ఎస్సీ హోదా ఇవ్వాలా అని చూడటానికి 2022 అక్టోబరులో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది. మూడో పేరా మారితే వాయిదా వేసినవాళ్లు నీళ్లలోకి దిగుతారా, పేర్లు రాయించుకుంటారా అనేది ఈ జిల్లాల సంఘాల్లో అందరూ వేసుకునే లెక్కే. అప్పుడు కూడా క్లౌ కరువులో వేసుకున్న ప్రశ్నే పాస్టర్ల ముందు ఉంటుంది, కాకపోతే తలకిందులుగా: అప్పుడు ఏదో వస్తుందని చేరేవాళ్లని ఆపాల్సి వచ్చింది, ఇప్పుడు ఏదో పోతుందని ఆగినవాళ్లని ఏమనాలి అని.